పెట్టె కోసం పద్యాన్ని విరిచిన వైనం



ఈ టపా వ్రాయాలని చాలాకాలంగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. కారణం బద్ధకం కాదు, సిగ్గు. ఒకే జాలపుట ఒక బ్రౌజరులో ఒక రీతిగా, మరొక దానిలో మరొక రీతిగా కనిపిస్తే చక్కదిద్దడం ఎట్లాగో మనమంతా ఒకరి దగ్గర ఒకరం నేర్చుకున్నవాళ్ళమే. "నా పుట మంటనక్కలో చెదిరిపోతోంది, కాస్త చూసిపెట్టండి" అని ఏదో ఒకనాడు అడగనివారు మనలో అరుదు. అయితే నేనిప్పుడు చెప్పబోయేది చక్కదిద్దిన సంగతి కాదు. చక్కదిద్దుతున్నానని భ్రమపడి చెడగొట్టిన సంగతి. మొన్న సంక్రాంతి నాడు జరిగిన ఒక చిన్న ఘటన వలన ఇక వ్రాయక తప్పలేదు.

మాది పెద్దతిప్పసముద్రం. మా సీమలో ఊరి పేరు చివర సముద్రమని ఉన్నదంటే అది చెరువును గూర్చి చెప్పిన మాట. ఉప్పునీటికీ మాకూ ఏ సంబంధమూ లేదు. మూడు దశాబ్దాలకు పైగా తెలుగు పండితుడిగా పనిచేశాను; ఉద్యోగవిరమణ చేసి ఆరేళ్ళయింది. నాకు ఛందస్సు నేర్పిన పెద్దాయనను ఊరంతా అయ్యవారనే పిలిచేది. నేనూ ఇక్కడ అట్లాగే పిలుస్తాను. చెరువు నిండి మొరవ పారిన ఏళ్ళూ, అడుగు పగిలి నెర్రెలిచ్చిన ఏళ్ళూ రెండూ చూసినవారు. ఆ చూసినదంతా నూట ఎనిమిది వృత్తాలుగా ఒక రూళ్ళ నోటుపుస్తకంలో వ్రాసుకున్నారు. అచ్చు వేయించే స్తోమత ఆయనకు లేదు, ఆనాడు నాకూ లేదు.

2007 వేసవి సెలవుల్లో ఆ పద్యాలను జాలంలో పెట్టాలని సంకల్పించాను. ఇంట్లో కంప్యూటరు లేదు. బి.కొత్తకోట మీదుగా మదనపల్లెకు బస్సులో వెళ్ళి, ఒక నెట్ సెంటరులో గంటల లెక్కన కూర్చుని, వీవెన్ గారి లేఖినిలో టైపు చేసేవాణ్ణి. 1919లో రవీంద్రులు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన ఊరు మదనపల్లె. ఆ ఊళ్ళోనే కూర్చుని నేను ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు పుట్టిస్తున్నానని లోలోపల నవ్వుకునేవాణ్ణి. సెంటరు నడిపే కుర్రవాడు మా బడిలో చదివినవాడే. పుట వెనుక ఉన్న మూలాన్ని తెరిచి చూడడం నాకు వాడే నేర్పాడు. "సార్, బళ్ళో మీరు మాకు ప్రత్యయాలు చెప్పినారు గదా, ఇవీ అట్లాంటివే. మొదలు పెట్టింది మూయకపోతే వాక్యం చెడుతుంది" అన్నాడు. అంతకంటే చక్కగా నాకు ఎవరూ చెప్పలేదు.

పుటను నా మనసుకు నచ్చినట్లు తీర్చాను. ఎడమవైపు పద్యం, కుడివైపు పద్యాల పట్టిక. పద్యానికి నాలుగు వందల యాభై పిక్సెళ్ళ వెడల్పు గల పెట్టె. అచ్చుపుస్తకంలో వలె రెండంచులూ సమంగా ఉండాలని జస్టిఫై పెట్టాను. అక్షరాలకు కాస్త ఊపిరాడాలని లెటర్ స్పేసింగు పెట్టాను. గౌతమి ఖతి. నెట్ సెంటరు తెరమీద చూసి మురిసిపోయాను.

అయ్యవారు అప్పటికి శుక్లాల ఆపరేషను చేయించుకుని బెంగళూరులో కూతురింట ఉన్నారు. మనుమడు పుటను తెరిచి చూపించాడట. ఆ రాత్రి ఫోను వచ్చింది.

"ఏం నాయనా, నా పద్యాలకు వాతం గాని తగిలిందా?"

"ఏమైంది అయ్యవారూ?"

"అక్షరం ఒకచోట, దాని వత్తు ఒకచోట పడి ఉన్నాయి. ఇంకోచోట పద్యం పక్కింటి గోడ దూకినట్లు పట్టిక మీదికెక్కి కూర్చుంది. నీ కళ్ళకు బాగుందా ఇది?"

మరునాడే మదనపల్లెకు పరుగెత్తాను. ఆ పిల్లవాడు వాడే బ్రౌజరును సెంటరులో ఒక కంప్యూటరులో పెట్టించుకుని చూస్తే అయ్యవారు చెప్పినది అక్షరాలా నిజం. రెండు తెరలు పక్కపక్కన పెట్టుకుని వారం రోజులు తలపట్టుకున్నాను. ఆ వారంలో తెలిసినదానిని, తరువాతి కాలంలో చదివి స్పష్టపరచుకున్నదానిని ఇక్కడ క్లుప్తంగా చెబుతాను.

మొదటిది వత్తుల సంగతి. 'లక్ష్మి' అన్న మాటలో 'క్ష్మి' మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడులో అది ఆరు గుర్తుల వరుస: క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఆ ఆరింటినీ కూర్చి ఒక్క అక్షరంగా చూపించే పని తెర దగ్గర జరుగుతుంది. అంచులు సమం చేయడానికో, అక్షరాలను ఎడం చేయడానికో బ్రౌజరు చోటును సాగదీసేటప్పుడు ఈ ఆరూ ఒకే కుటుంబమని గుర్తుంచుకోవాలి. 2006లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 2 వరకు విండోస్ మీద ఆ గుర్తు తప్పేది. జస్టిఫై పెట్టిన తెలుగు ముక్కలుగా విడిపోయేది. 2008 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3 కొత్త అక్షరయంత్రాంగంతో వచ్చి ఆ బాధ తీర్చింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో ఈ చిక్కు లేదు గనుక నాకు నెట్ సెంటరులో కనిపించలేదు.

రెండవది పెట్టె సంగతి. ఇది మా చెరువు భాషలో చెబితే సులభం. వచ్చిన నీరు చెరువు పట్టకపోతే ఏమవుతుంది? కట్ట నిలబడి నీరు మొరవ పారాలి. 1998 నాటి సీఎస్‌ఎస్ రెండవ ప్రమాణం చెప్పినది అదే: పెట్టె వెడల్పు చెప్పినంతే ఉంటుంది, పట్టనిది బయటికి పొరలుతుంది. ఫైర్‌ఫాక్స్ అట్లాగే చేసేది. 2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 మాత్రం కట్టనే వెనక్కి జరిపి చెరువును పెద్దది చేసేది. పెట్టె సాగేసరికి పక్కన ఫ్లోట్ చేసిన పట్టికకు చోటు చాలక అది పుట అడుగుకు జారిపోయేది. ఒకదానిలో పద్యం పట్టిక మీద పడడం, ఒకదానిలో పట్టిక పాతాళానికి దిగడం – కారణం ఒకటే, రూపాలు రెండు.

మూడవది అయ్యవారి కళ్ళ సంగతి. ఆయనకు కనబడడం కోసం మనుమడు అక్షరాలను రెండు మెట్లు పెంచాడు. ఆనాటి ఫైర్‌ఫాక్స్ అక్షరాలను మాత్రమే పెంచేది. పుట మొత్తాన్ని పెంచడం మూడవ కూర్పుతో వచ్చింది. అక్షరం పెరిగింది, నా పెట్టె మాత్రం పిక్సెళ్ళలో బిగించినట్లే ఉండిపోయింది. ఇక నెట్ సెంటరు తెర మీద, అంటే ఎక్స్‌ప్లోరర్ 6లో, పిక్సెళ్ళలో చెప్పిన అక్షరాన్ని చదువరి పెంచుకోవడమే కుదిరేది కాదు. ఈ మూడింటిలోనూ నేను నిందించవలసినది నన్నే. పుటను నా ఒక్కడి కంటికి కొలిచి కుట్టాను.

జస్టిఫై తీసివేశాను, లెటర్ స్పేసింగు తీసివేశాను. వత్తులు తమ ఇళ్ళకు చేరాయి. పెట్టె చిక్కు మాత్రం వదలలేదు. మామూలు వాక్యమైతే ఖాళీ ఉన్నచోట విరిగి క్రింది పంక్తికి దిగుతుంది. అయ్యవారు శార్దూలాలు వ్రాసే మనిషి. పాదం పాదమంతా ఒకే సమాసం. ఉదాహరణకు వారి పద్యంలోని ఒక పాదం:

అంభోహీనతటాకతీరవటభూజాసన్నగోవత్సమున్

అంభస్సు అంటే నీరు. నీరు లేని చెరువు గట్టున మర్రిచెట్టు దగ్గర నిలబడిన లేగదూడను చెబుతున్నారు. పందొమ్మిది అక్షరాలు, ఎక్కడా ఖాళీ లేదు. బ్రౌజరుకు విరిచే తావు దొరకదు. ఇటువంటి పాదాలు ఉన్న పద్యాలు పదకొండు తేలాయి. పట్టికను తీసివేయడానికి మనసొప్పలేదు, ఎంతో ముచ్చటపడి చేసుకున్నది. అప్పుడొక ఉపాయం తోచింది. ఎవరి తెర మీద ఎక్కడ విరగవలసి వస్తుందో ముందుగా తెలియదు గనుక, సమాసంలోని మాటలన్నింటి మధ్యా ఒక్కొక్క ఖాళీ పెట్టాను.

అంభో హీన తటాక తీర వటభూజాసన్న గోవత్సమున్

పుట రెండు బ్రౌజర్లలోనూ కుదురుగా నిలబడింది. పట్టిక తన చోట తానున్నది. యుద్ధం గెలిచినట్లు కుర్రవాడికి టీ ఇప్పించాను. బడిలో సమాసాన్ని విడదీసి వ్రాసిన పిల్లల మార్కులు తగ్గించిన చేయి అది. ఆ ఖాళీలు కొడుతున్నప్పుడు దానికి వణుకైనా రాలేదు. పెట్టె మీద ఉన్న చూపు పద్యం మీద లేదు.

దసరా సెలవులకు బెంగళూరు వెళ్ళాను. నా ఘనకార్యం కళ్ళారా చూపాలని ఉబలాటం. మనుమడికి పన్నెండేళ్ళు. బడిలో కన్నడం చదువుతాడు. కన్నడ లిపి తెలిసినవాడికి తెలుగు లిపి ఎంత దూరం? రెండూ ఒక్క తల్లి బిడ్డలు; తలకట్టు తేడా తెలిస్తే సగం చదువు వచ్చినట్లే. తాతగారి పద్యాలున్న పుట మీదనే వాడు తెలుగు అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాడని వాళ్ళమ్మ చెప్పింది. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. "ఏదీ నాయనా, ఒక పద్యం చదువు" అన్నాను.

వాడు చదివాడు. "అంభో" అన్నాడు, ఆగాడు. "హీన తటాక తీర" అన్నాడు, మళ్ళీ ఆగాడు.

అయ్యవారు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కోప్పడలేదు. "అదేంది, ఎవరినో కేకవేసి పిలిచినట్లు అంభో అంటున్నావు?" అని వాణ్ణి అడిగారు. "తాతా, ఇట్లే ఉంది" అని వాడు తెర చూపించాడు. ఆయన తెర దాకా ముఖం తీసుకువెళ్ళి చూసి, నా వైపు తిరిగారు.

"నీళ్ళు లేని చెరువన్నాను గానీ, నీచమైన చెరువనలేదు నాయనా. మన ఊరి చెరువును నేనెందుకంటాను ఆ మాట?"

నాకు నోట మాట రాలేదు. 'అంభోహీన' కలిసి ఉన్నంతసేపే అది నీరు లేనిది. విడిపోతే 'హీన' అన్నది చెరువుకు విశేషణమై కూర్చుంటుంది. ఆ పద్యం వ్రాసిన ఏడాది మా చెరువు ఎండి, ఊరివాళ్ళు పశువులను తెగనమ్ముకున్నారు. ఆ దుఃఖాన్ని చెప్పిన మాటను తిట్టుగా మార్చింది ఒక్క ఖాళీ. అది పెట్టినవాడు ఛందస్సు నేర్చిన సొంత శిష్యుడు. నేర్పినది ఆయనే.

పట్టిక గురించి, పెట్టె గురించి ఏదో సంజాయిషీ చెప్పబోయాను. అంతా విన్నారు. విని, "తాటాకు మీద పాదాలు వేరువేరు పంక్తుల్లో ఉండేవా? మాటకూ మాటకూ ఎడం ఉండేదా? ఆకు చివరిదాకా వ్రాసుకుంటూ పోయేవారు. చదివేవాడి చెవి విడదీసుకునేది. ఎడం పెట్టడం అచ్చు వచ్చాక బాగా అలవాటైంది. ఎడమిచ్చావంటే అర్థం చెప్పావన్నమాట. తప్పు చోట ఎడమిస్తే తప్పు అర్థం చెప్పినట్లు" అన్నారు.

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నది. బ్రౌన్ దొర కడప బంగళాలో పండితులను కూర్చోబెట్టి ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నింటినీ సరిపోల్చి దిద్దించాడని పిల్లలకు ఎన్నిసార్లు పాఠం చెప్పానో. ఆ పండితులు లేఖకుల తప్పులు ఏరివేస్తూ పోతే, నేను కూర్చుని కొత్త తప్పులు చేరుస్తూ పోయాను. లేఖకుడైనా నిద్రమత్తులోనో కన్ను జారియో తప్పు వ్రాసేవాడు. నేను తెలిసి వ్రాశాను.

ఉపాయం కూడా అయ్యవారే చెప్పారు. వయసులో ఉన్నప్పుడు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన అనుభవం ఆయనకు ఉన్నది. "పాదం పొడుగై చోటు చాలకపోతే మిగిలిన ముక్కను క్రింది పంక్తిలో బాగా లోపలికి జరిపి కూర్చేవాళ్ళం. అది కొత్త పాదం కాదని చదివేవాడికి తెలిసేది. నీ యంత్రానికి ఆ మాత్రం చేతకాదా?" అన్నారు.

చేతనవును. అన్ని బ్రౌజర్లలోనూ చేతనవును, ఆనాటి ఎక్స్‌ప్లోరర్ 6తో సహా. పాదానికి ఎడమవైపు మూడు 'ఎమ్'ల ప్యాడింగ్ ఇచ్చి, టెక్స్ట్-ఇండెంట్‌ను అంతే మేరకు ఋణాత్మకంగా పెడితే చాలు. పాదం మొదలు అంచు దగ్గర ఉంటుంది, పొరలిన ముక్క లోపలికి జరిగి ఉంటుంది. పెట్టె వెడల్పును పిక్సెళ్ళలో కాక ఎమ్‌లలో చెప్పాను. ఎమ్ అంటే అక్షరం పరిమాణంతో పాటు పెరిగే కొలత. అయ్యవారి కోసం అక్షరం పెంచితే పెట్టె కూడా పెరుగుతుంది. ముచ్చటైన పట్టికను పద్యాల క్రిందికి నేనే దించాను. దానిని ఎవరూ తోయవలసిన పని లేకుండా. అన్నింటి తరువాత నోటుపుస్తకం ముందు పెట్టుకుని పదకొండు పద్యాల్లోని ఖాళీలన్నింటినీ ఒక్కొక్కటిగా తీసివేశాను. పుట రెండు బ్రౌజర్లలో అచ్చుగుద్దినట్లు ఒకేలా లేదు. ఒకదానిలో పాదం ఒక పంక్తిలో ఇమిడితే, మరొకదానిలో రెండు పంక్తులయింది. రెండింటిలోనూ పద్యం మాత్రం ఒక్కటే.

కార్తికమాసంలో ఒక సాయంత్రం ఆ పిల్లవాడు ఫోనులో ఆ పద్యం చదివి వినిపించాడు. పాదం ఎక్కడా ఆగలేదు. వెనుక నుంచి అయ్యవారి గొంతు వినబడింది: "ఇప్పుడు ఊపిరి సరిగ్గా పడింది." మరి రెండేళ్ళకు వారు కాలం చేశారు.

ఆ తరువాత లోకం చాలా మారింది. 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్, క్రోమ్ పుట్టిన క్రోమియం మూలం మీదికే వచ్చి చేరింది. 2022 మార్చిలో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా తదితరులు బ్రౌజర్ల మధ్య తేడాలు తగ్గించుకోవడానికి ఇంటరాప్ 2022 పేరిట ఒక్కటిగా పూనుకున్నారు. అదే ఏడాది జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు మైక్రోసాఫ్ట్ సెలవిచ్చింది. మనం రాత్రులు మేలుకుని చేసిన కిటుకులు చాలావరకు పురావస్తువులైపోయాయి. అయినా తెలుగు అక్షరాల కూర్పు సున్నితమైనదని మరువరాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరం, కనిపించని ఒక విడదీత గుర్తు చేరిన రూపంలో వస్తే ఐఫోన్లలో అనువర్తనాలు కుప్పకూలిపోయాయి. ఆపిల్ వెంటనే దిద్దుబాటు విడుదల చేయవలసి వచ్చింది. ఇక ఇప్పుడు అందరి చేతిలోనూ ఉన్న ఫోను తెర నా పాత పెట్టె కంటే ఇరుకు. శార్దూలం అందులో పట్టదు. చిక్కు పాతదే, చెరువు మాత్రం చిన్నదయింది.

అందుకే పద్యాలు పెట్టేవారికి ఒక సూచన. సమాసం విరగక తప్పని చోట ఖాళీ పెట్టకండి. హెచ్‌టీఎమ్ఎల్‌లో డబ్ల్యూబీఆర్ అనే గుర్తు ఉన్నది. అవసరమైతే ఇక్కడ విరగవచ్చునని బ్రౌజరుకు చెబుతుందే తప్ప అక్షరాల వరుసలో దేనినీ చేర్చదు. పద్యాన్ని ఎవరైనా నకలు తీసుకుంటే సమాసం చెక్కుచెదరకుండా వెళుతుంది.

నకలు అన్నాను గదా. అసలు సంగతి అక్కడే ఉన్నది. నా పుటలో ఆ ఖాళీలు ఉన్నది 2007 జూన్ నుంచి అక్టోబరు వరకు, నాలుగు నెలలే. నేను దిద్దేశాను, అయిపోయిందనుకున్నాను. మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చిన మా చెల్లెలి కొడుకు, "మామా, చెరువు మీద ఎవరో భలే పద్యం వ్రాసినారు చూడు" అని ఫోను నా చేతికిచ్చాడు. వాట్సాప్‌లో ఎక్కడి నుంచో తిరిగి తిరిగి వచ్చిన పద్యం. క్రింద 'అజ్ఞాత కవి' అని ఉన్నది. పైన, మూడవ పాదంలో:

అంభో హీన తటాక తీర.

ఆ నాలుగు నెలల్లో ఎవరో మక్కువతో నకలు తీసుకున్నారు. వారి తప్పేమీ లేదు. నేను పెట్టినదే వారు తీసుకున్నారు. కవి పేరు రాలిపోయింది, నా ఖాళీలు మాత్రం రాలలేదు. మా ఊరి చెరువు అక్కడ పద్దెనిమిదేళ్ళుగా నీచమైన చెరువుగానే ఉన్నది.

వాడి చేతిలోని ఫోను తీసుకుని, ఖాళీలు తీసివేసి, అదే గుంపుకు మళ్ళీ పంపించాను. ఎంతమందికి చేరుతుందో తెలియదు. మీలో ఎవరికైనా ఆ పద్యం ఎక్కడైనా కనిపిస్తే, దయచేసి ఆ పాదాన్ని కలిపి వ్రాసి పంపండి. చెరువు ఎండిపోయినదని చెప్పండి చాలు.

స్వస్తి.